రెండో ప్రశ్న దగ్గర తేలే ఇంటర్వ్యూ

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి తయారవుతున్నవారిని ఎంతవరకు వచ్చిందని అడిగితే ఎక్కువగా ఒక సంఖ్య వినిపిస్తుంది. కోడింగ్ సాధనకు వాడే లీట్‌కోడ్ వెబ్‌సైట్‌లో మూడు వందల ప్రశ్నలు అయ్యాయని ఒకరు, ఐదు వందలు దాటాయని ఇంకొకరు చెబుతారు. సంఖ్య చెప్పుకోవడం సులువు, పక్కవారితో పోల్చుకోవడం మరీ సులువు. అయితే ఇంటర్వ్యూ చేసేవారు ఆ సంఖ్యను చూసి మార్కులు వేయరు. తాము అడగబోయే మొదటి ప్రశ్నను అభ్యర్థి ఎక్కడో ఒకచోట చూసే ఉంటారని వారికి తెలుసు కాబట్టి, జవాబు వచ్చిన వెంటనే అందులో ఒక షరతు మార్చి మళ్లీ అడుగుతారు. ఎంపిక చాలావరకు ఆ రెండో ప్రశ్న దగ్గరే తేలుతుంది. తయారీలో ఎక్కువ భాగం మాత్రం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతోంది.

ఈ మాట వివరంగా చూడబోయే ముందు, ఏ ఇంటర్వ్యూకు తయారవుతున్నదీ తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకే పేరుతో రెండు వేర్వేరు పరీక్షలు నడుస్తున్నాయి. కళాశాలల నుంచి వేల సంఖ్యలో నియామకాలు జరిపే సర్వీస్ కంపెనీలు, అంటే ఇతర సంస్థలకు సాఫ్ట్‌వేర్ పనులు చేసిపెట్టేవి, మొదట పెద్ద జల్లెడ పడతాయి. పదో తరగతి నుంచి బీటెక్ దాకా ప్రతి దశలో 60 శాతం మార్కులు ఉండాలనడం, బ్యాక్‌లాగుల మీద పరిమితి పెట్టడం అందులో మామూలు. ఆ తర్వాత ఆప్టిట్యూడ్, ఇంగ్లిష్, కోడింగ్ కలిపిన ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. టీసీఎస్ నిర్వహించే పరీక్షలోనైతే నింజా, డిజిటల్, ప్రైమ్ అని శ్రేణులున్నాయి. ఒకే రోజు ఒకే హాలులో పరీక్ష రాసిన ఇద్దరు మిత్రులు బాగా తేడా ఉన్న జీతాలతో చేరే వీలుంది, ఆ తేడాను ఎక్కువగా నిర్ణయించేది కోడింగ్ భాగం. ఇక్కడి ముఖాముఖిలో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భావనలు, ఎస్‌క్యూఎల్ జాయిన్లు, చివరి సంవత్సరం ప్రాజెక్టు చుట్టూ సంభాషణ తిరుగుతుంది. సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసుకునే ప్రొడక్ట్ కంపెనీల పద్ధతి వేరు. ఆన్‌లైన్ పరీక్ష దాటాక రెండు మూడు కోడింగ్ రౌండ్లు, అనుభవం ఉన్నవారికి సిస్టమ్ డిజైన్ (ఒక పెద్ద వ్యవస్థను ఎలా కడతారో వివరించే రౌండ్), చివర్లో మేనేజరుతో సంభాషణ ఉంటాయి. కొత్తగా కళాశాల నుంచి వచ్చినవారికి డిజైన్ ప్రశ్న ఉన్నా పైపైనే ఉంటుంది; నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవారి ఎంపికను ఎక్కువగా తేల్చేది అదే. ఈ తేడా గమనించక, ఆప్టిట్యూడ్ కటాఫ్ దాటాల్సిన విద్యార్థి నెలల తరబడి డైనమిక్ ప్రోగ్రామింగ్ అనే కఠినమైన కోడింగ్ పద్ధతితో కుస్తీ పట్టడం, ఆరేళ్ల అనుభవజ్ఞుడు డిజైన్‌ను చివరి వారానికి వదిలేయడం సర్వసాధారణం.

కోడింగ్ రౌండ్ స్వభావం అర్థం కావడానికి అందరికీ తెలిసిన ప్రశ్న ఒకటి చాలు. సంఖ్యల వరుస ఒకటి ఇచ్చి, ఒక లక్ష్యం చెప్పి, కూడితే ఆ లక్ష్యం వచ్చే రెండు సంఖ్యలు ఏయే స్థానాల్లో ఉన్నాయో కనుక్కోమంటారు. ప్రతి జతనూ కూడి చూడడం మొదట తట్టే దారి. ఒక్కో సంఖ్య దగ్గర ఆగి, లక్ష్యంలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది ఇంతకుముందు కనిపించిందా అని హాష్ మ్యాప్‌లో, అంటే దాచినదాన్ని వెంటనే వెతికి ఇచ్చే పట్టికలో, చూడడం మెరుగైన దారి. తయారై వచ్చినవారిలో చాలామంది ఈ రెండోది అయిదారు నిమిషాల్లో రాసేస్తారు. అసలు సంభాషణ అక్కడినుంచి మొదలవుతుంది. వరుసలో ఒకే ఒక్క 3 ఉండి, లక్ష్యం 6 అయితే కోడ్ ఏం చేస్తుంది? ముందే సంఖ్యలన్నిటినీ మ్యాప్‌లో వేసి తర్వాత వెతికే పద్ధతిలో రాసి ఉంటే, ఆ 3 తనతో తానే జతకట్టి తప్పు జవాబు ఇస్తుంది. ముందు వెతికి ఆ తర్వాతే మ్యాప్‌లో వేస్తే ఆ సమస్య రాదు. రెండు పంక్తుల వరుస తారుమారైతే జవాబే తారుమారవుతుంది. ఆ వరుస అలాగే ఎందుకు ఉండాలో చెప్పగలగడమే ఇక్కడి పరీక్ష.

తర్వాతి మలుపులో వరుస ఆరోహణ క్రమంలో ఉందనీ, అదనపు మెమరీ వాడకూడదనీ అంటారు. రెండు కొసల నుంచి లోపలికి జరిగే పద్ధతి చాలామందికి గుర్తుంటుంది. అయితే మొత్తం తక్కువ వచ్చినప్పుడు ఎడమ కొసను వదిలేయడం ఎందుకు సరైనది అని అడిగితే గొంతు తడబడుతుంది. కారణం చిన్నదే: ఎడమ కొసన ఉన్న సంఖ్యకు మిగిలినవాటిలో అన్నిటికంటే పెద్ద తోడు దొరికినా లక్ష్యం అందలేదంటే, ఇక దానికి ఏ తోడూ చాలదు కాబట్టి దాన్ని నిశ్చింతగా పక్కన పెట్టవచ్చు. మరో మలుపులో జతలెన్ని ఉన్నాయో లెక్కించమంటారు. అప్పుడు మ్యాప్‌లో స్థానానికి బదులు ఎన్నిసార్లు వచ్చిందో దాచాలి. సంఖ్యలు ఒక్కసారిగా కాక ఒకటొకటిగా వస్తూనే ఉంటాయంటే, మ్యాప్ పద్ధతి ఉన్నది ఉన్నట్లే పనిచేస్తుంది, ఎందుకంటే అది ఎప్పుడూ వెనక్కి మాత్రమే చూస్తుంది. కంఠస్థం చేసిన అభ్యర్థికి ఇవి నాలుగు కొత్త ప్రశ్నలు. ‘ఈ సంఖ్యకు కావలసిన తోడు ఏది, అది ఇప్పటికే కనిపించిందా’ అన్న ఒక్క ఆలోచనను పట్టుకున్నవారికి ఇవన్నీ ఒకే ప్రశ్న. అందువల్ల రోజుకు అయిదు ప్రశ్నలు ముగించే ప్రణాళిక కంటే, ఒక ప్రశ్నను పరిష్కరించాక దాని షరతులను స్వయంగా మార్చి చూసుకునే ప్రణాళిక మేలు. అలా చేస్తే సంఖ్య మెల్లగా పెరుగుతుంది, ఆ దిగులు మానుకోవాల్సిందే.

ప్రశ్నలో ఇచ్చిన పరిమితులను చదవడం కూడా ఇలాంటి అలవాటే. వరుస పొడవు లక్ష వరకు ఉండవచ్చని రాసి ఉంటే అది ఊరికే రాసిన వివరం కాదు. ప్రతి జతనూ చూసే పద్ధతిలో దాదాపు 500 కోట్ల పోలికలు అవుతాయి; సెకనుకు పది కోట్ల చిన్న పనులు జరుగుతాయన్న మోటు అంచనాతో చూసినా దాదాపు యాభై సెకన్లు పడుతుంది. అదే వరుసను సార్టింగ్ చేసే పద్ధతిలో లక్షను దాని లాగరిథమ్ (ఆధారం 2) అయిన సుమారు 17తో గుణిస్తే 17 లక్షలే. పొడవు 20కి మించదని ఉంటే, అన్ని ఉపసమితులనూ వెతికినా 10,48,576 మాత్రమే కాబట్టి అక్కడ తెలివైన ఉపాయం వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు. ఏ పద్ధతి సరిపోతుందో పరిమితే చెబుతోందని గ్రహించినవారు కోడ్ మొదలుపెట్టకముందే ఆ లెక్కను పైకి చెప్పగలరు. ఇంటర్వ్యూ చేసేవారు మనసులో మార్కు వేసేది చాలాసార్లు ఆ క్షణంలోనే. పరిమితులు ఇవ్వకుండా ప్రశ్న అడిగితే వాటిని అడిగి తెలుసుకోవడం అభ్యర్థి పని. కొందరు కావాలనే చెప్పకుండా ఊరుకుంటారు.

రాసిన కోడ్‌ను తానే అనుమానించడం మరో అంశం. క్రమంలో ఉన్న వరుసను ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే బైనరీ సెర్చ్‌ను తప్పు లేకుండా రాయడం అనుభవజ్ఞులకూ తేలిక కాదు. జావా భాషతో పాటు వచ్చే కోడ్ లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌ను రాసిన జాషువా బ్లాక్, తన కోడ్‌లో దాదాపు తొమ్మిదేళ్ల పాటు ఒక దోషం దాగి ఉందని 2006లో స్వయంగా ప్రకటించారు. మధ్య స్థానం కోసం ఎడమ హద్దునూ కుడి హద్దునూ కూడి రెండుతో భాగించడం అందరూ రాసేదే. 32 బిట్ల పూర్ణాంకం దాచగలిగే గరిష్ఠ విలువ 2,14,74,83,647. హద్దుల మొత్తం దాన్ని దాటితే విలువ రుణాత్మకమైపోయి ప్రోగ్రామ్ కుప్పకూలుతుంది. వరుసలో దాదాపు 107 కోట్ల అంశాలు ఉంటేనే అది బయటపడుతుంది కాబట్టి అన్నేళ్లు ఎవరి కంటా పడలేదు. కుడి హద్దులోంచి ఎడమ హద్దును తీసేసి, సగం చేసి, ఆ సగాన్ని ఎడమ హద్దుకు కలిపితే ప్రమాదం తప్పుతుంది. ఈ సంగతి తెలిసి ఉండడం వల్ల ఎవరికీ ఉద్యోగం రాదు. ఖాళీ వరుస, ఒకే అంశం, అన్నీ ఒకే విలువ, రుణ సంఖ్యలు, అతిపెద్ద విలువలు అంటూ ఎవరూ అడగకముందే తన కోడ్‌ను వాటితో నడిపి చూపే అలవాటు వల్ల మాత్రం వచ్చే అవకాశముంది. రన్ బటన్ నొక్కి పరీక్షలు ఎర్రగా వస్తే దిద్దుకునే పద్ధతికి అలవాటు పడినవారు, నడిపే సౌకర్యం లేని ఖాళీ ఎడిటర్ ముందు చాలా ఇబ్బంది పడతారు. కనీసం వారానికి రెండు రోజులు కాగితం మీద రాసి, వేలితో పంక్తి పంక్తీ నడిపి చూసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

ఇదంతా ఒక మనిషి చూస్తుండగా జరగాలి. నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో 48 మంది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టు ఇంటర్వ్యూ చేసే వ్యక్తి ఎదుట ఆలోచనను పైకి చెబుతూ వైట్‌బోర్డు మీద సమస్యను పరిష్కరించింది. మరో జట్టు అదే సమస్యను ఎవరూ లేని గదిలో ఒంటరిగా పరిష్కరించింది. ఎదుట మనిషి ఉన్న జట్టు పనితీరు సగానికి పైగా పడిపోయింది. తెలివి రెండు జట్లలోనూ ఒకటే. తేడా తెచ్చింది ఎదుట కూర్చున్న మనిషి. ఈ ఫలితాన్ని చూపించి ఇంటర్వ్యూ పద్ధతిని తప్పుబట్టవచ్చు, తప్పుబట్టాలి కూడా. తయారయ్యేవారికి మాత్రం ఇందులోంచి వచ్చే ఆచరణ వేరు: ఒంటరిగా గదిలో చేసిన సాధన, మనిషి ఎదుట చేయాల్సిన పనికి సగం సాధన మాత్రమే. మిత్రుడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చేసే నమూనా ఇంటర్వ్యూకు, ఆ మిత్రుడికి జవాబు తెలియకపోయినా, విలువ తగ్గదు. మధ్యలో ‘ఎందుకు’ అని అడిగే మనిషి ఒకరు ఉంటే చాలు.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఇక్కడ ఒక అదనపు మెట్టు ఉంది. ఆలోచన తెలుగులో నడుస్తుంటుంది, చేతులు కోడ్ రాస్తుంటాయి, నోరు ఇంగ్లిష్‌లో మాట్లాడాలి. మూడు పనులు ఒకేసారి చేయలేక చాలామంది మౌనాన్ని ఆశ్రయిస్తారు. ఆ మౌనాన్ని అవతలివారు తెలియకపోవడంగా రాసుకుంటారు. దీనికి స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సు సరైన మందు కాదు, ఎందుకంటే ఈ రౌండ్‌కు కావలసిన భాష చాలా పరిమితమైనది. ఏం అడిగారని అర్థమైందో ఒక వాక్యం, మొదటి దారి ఏమిటో ఒక వాక్యం, అది ఎందుకు నెమ్మదో ఒక వాక్యం, మెరుగైన దారి ఏమిటో రెండు వాక్యాలు వస్తే సగం దారి నడిచినట్టే. ముందు అదే వివరణను తెలుగులో పూర్తి వాక్యాలతో చెప్పుకుని, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే, తడబాటు భాష వల్ల వచ్చిందో, ఆలోచనలోనే స్పష్టత లేక వచ్చిందో వెంటనే తెలిసిపోతుంది. చాలాసార్లు రెండోదే కారణమని తేలుతుంది. యాస గురించిన బెంగ అనవసరం; హైదరాబాద్‌లో, బెంగళూరులో ఇంటర్వ్యూ చేసేవారిలో చాలామందిదీ అలాంటి యాసే. ఆలోచించడానికి కొంత సమయం కావాలని మర్యాదగా అడిగి ఒకటి రెండు నిమిషాలు నిశ్శబ్దంగా ఉండడంలో తప్పేమీ లేదు. చెప్పకుండా పది నిమిషాలు నిశ్శబ్దంగా ఉండడమే నష్టం.

రెజ్యూమె విషయంలో రెండో ప్రశ్న మరింత కఠినంగా ఉంటుంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థల నుంచి ఏటా వచ్చే రెజ్యూమెలలో అవే ప్రాజెక్టులు, అవే వాక్యాలతో కనిపిస్తుంటాయి. ఆ శిక్షణకు విలువ లేదని దీని అర్థం కాదు. గ్రామాల నుంచి వచ్చిన వేలమందికి తక్కువ ఖర్చుతో జావా, డాట్‌నెట్, టెస్టింగ్, డెవాప్స్ నేర్పి ఉపాధి చూపించిన వీధి అది. చిక్కు ఎక్కడంటే, ఇచ్చిన ప్రాజెక్టును ఇచ్చినట్లే రాసుకోవడంలో. అందులో మాంగోడీబీ అనే డేటాబేస్ వాడామని రాసినవారిని, మరో డేటాబేస్ అయిన మైఎస్‌క్యూఎల్ ఎందుకు వాడలేదని అడుగుతారు. లాగిన్ పేజీ చేశామన్నవారిని పాస్‌వర్డ్‌ను డేటాబేస్‌లో ఏ రూపంలో దాచారని అడుగుతారు. పనితీరు 40 శాతం మెరుగైందని రాసినవారిని, దేన్ని కొలిచారు, ముందు ఎంత ఉండేది, తర్వాత ఎంతకు వచ్చింది అని అడుగుతారు. సొంతంగా కట్టిన చిన్న ప్రాజెక్టు, అది ఊరి కిరాణా కొట్టు అప్పుల పుస్తకం యాప్ అయినా సరే, ఈ ప్రశ్నలకు నిలబడుతుంది, ఎందుకంటే దాని ప్రతి నిర్ణయం వెనకా ఒక కారణమో కనీసం ఒక తంటానో ఉంటుంది. రెజ్యూమెలోని ప్రతి పంక్తి కిందా మూడు ‘ఎందుకు’లు రాసుకుని, జవాబు లేని పంక్తిని కొట్టేయడం వల్ల రెజ్యూమె చిన్నదవుతుంది, అది లాభమే.

ఇక లేని అనుభవాన్ని రాసుకోవడం గురించి తెలుగునాట బాహాటంగా మాట్లాడుకుంటారు గానీ రాతలో తక్కువగా కనిపిస్తుంది. డబ్బు తీసుకుని రెండు మూడేళ్ల అనుభవ పత్రాలు తయారుచేసి ఇచ్చేవారు, అభ్యర్థి బదులు తెర వెనుక కూర్చుని జవాబులు చెప్పేవారు ఉన్నారన్నది రహస్యమేమీ కాదు. నీతి సంగతి అలా ఉంచినా, ఇది చెడ్డ లెక్క. చేరబోయే ముందో, చేరాకో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ జరుగుతుంది. 2014 నుంచి భవిష్యనిధి ఖాతాలకు, సంస్థ మారినా మారని యూఏఎన్ అనే సంఖ్య ఉన్నందున, ఏ సంస్థలో ఎన్నాళ్లు పనిచేసిందీ ఆ చరిత్రలో కనిపిస్తుంది. జీతం స్లిప్పులు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఎక్కడో ఒకచోట పొంతన కుదరక ఉద్యోగం పోతే, అప్పటికి నిజంగా చేసిన ఏడాది పని కూడా చెప్పుకోవడానికి వీల్లేకుండా పోతుంది. చదువు ముగిశాక రెండేళ్లు ఖాళీ వచ్చిందన్న నిజాన్ని, ఆ రెండేళ్లలో ఏం నేర్చుకున్నదీ చూపిస్తూ చెప్పడం కష్టమే గానీ, ఆ కష్టం ఇంటర్వ్యూతో ముగుస్తుంది.

సిస్టమ్ డిజైన్‌కు వచ్చేసరికి, అమెరికా యాప్‌ల ఉదాహరణలను బట్టీ పట్టడం కంటే రోజూ వాడే వ్యవస్థను తీసుకుని ఆలోచించడం ఎంతో ఉపయోగకరం. తత్కాల్ టికెట్లు అలాంటివి. ప్రయాణానికి ముందు రోజు ఉదయం 10 గంటలకు ఏసీ తరగతులకు, 11 గంటలకు నాన్ ఏసీ తరగతులకు బుకింగ్ తెరుచుకుంటుంది. రోజంతా పలుచగా ఉండే రద్దీ ఆ నిమిషంలో ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మొదటి జవాబుగా అందరూ లోడ్ బ్యాలెన్సర్ (రద్దీని పంచేది), సర్వర్లు, క్యాష్ (తరచూ అడిగేవాటిని దగ్గర దాచేది), డేటాబేస్ అని నాలుగు పెట్టెలు గీసి గీతలతో కలుపుతారు. దాంతో ఇంటర్వ్యూ అయిపోయిందనుకోవడం పొరపాటు. ఒక రైలులో ఒకే బెర్త్ మిగిలి ఉన్నప్పుడు ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఏమవుతుంది? ఇద్దరి అభ్యర్థనలూ ముందు ఖాళీ ఉందని చదివి, ఆ తర్వాత తీసుకున్నామని రాస్తే, ఒకే బెర్త్ ఇద్దరికి అమ్ముడవుతుంది. చదవడం, రాయడం విడివిడిగా జరగకూడదు. ‘ఈ బెర్త్ ఇంకా ఖాళీగా ఉంటేనే దీన్ని ఫలానా వ్యక్తి పేర మార్చు’ అని డేటాబేస్‌కు ఒకే ఆజ్ఞగా ఇచ్చి, డేటాబేస్ పట్టికలో ఎన్ని అడ్డువరుసలు మారాయో చూడాలి. ఒకటి మారితే టికెట్ దొరికినట్లు, సున్నా అయితే మరొకరు ముందే తీసుకున్నట్లు. ఆ అడ్డువరుసను ఇతరులు మార్చకుండా లాక్ వేసి, పని ముగిశాక తీయడం మరో దారి. అయితే డబ్బు కట్టేదాకా లాక్ పట్టుకుని కూర్చుంటే వెనక ఉన్నవారంతా ఆగిపోతారు కాబట్టి, బెర్త్‌ను కొన్ని నిమిషాల గడువుతో తాత్కాలికంగా కేటాయించి, గడువు దాటితే వదిలేయడం మేలు.

డబ్బు దగ్గర ఇంకో ప్రశ్న పుడుతుంది. యూపీఐలో ఖాతా నుంచి డబ్బు పోయింది, కానీ జవాబు వచ్చేలోపు నెట్‌వర్క్ తెగింది. ప్రయాణికుడు మళ్లీ నొక్కాడు. ఈ అనుభవం లేని తెలుగువారు అరుదు. ప్రతి ప్రయత్నానికీ ముందే ఒక ప్రత్యేక సంఖ్య కేటాయించి, అదే సంఖ్యతో రెండోసారి వచ్చిన అభ్యర్థనకు కొత్తగా డబ్బు తీయకుండా పాత ఫలితాన్నే తిరిగి ఇవ్వడం ఇక్కడి పరిష్కారం. బెర్త్ గడువు దాటాక డబ్బు అందితే తిరిగి పంపాల్సిందే కాబట్టి, రెండు వ్యవస్థల లెక్కలనూ పోల్చి సరిచేసే పని ఒకటి వెనక నిరంతరం నడవాలి. మళ్లీ నొక్కినా ఫలితం మారకపోవడానికి పాఠంలో చదివిన ‘ఐడెంపొటెన్సీ’ అన్న పదం గుర్తురాకపోయినా, ఈ ఇబ్బందిని అనుభవించిన మనిషి ఆ పరిష్కారాన్ని స్వయంగా కనుక్కోగలడు.

అనుభవజ్ఞులను ఇంకా లోతుకు తీసుకెళ్లే మలుపు ఒకటుంది. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక బెర్త్‌ను విజయవాడ వరకే ఒకరు తీసుకుంటే, విజయవాడ నుంచి విశాఖ దాకా అది ఇంకొకరికి అమ్మవచ్చు. అంటే బెర్త్ ఖాళీనా కాదా అన్న ఒక్క గుర్తు చాలదు. మొదటిదీ చివరిదీ కలిపి దారిలో ఇరవై స్టేషన్లుంటే పందొమ్మిది ముక్కలు. ఒక్కో బెర్త్‌కు పందొమ్మిది బిట్లు పెట్టి, నిండిన ముక్కకు 1, ఖాళీ ముక్కకు 0 రాసుకోవచ్చు. ప్రయాణికుడికి కావలసిన ముక్కలన్నీ సున్నాలైతేనే ఆ బెర్త్ ఇవ్వాలి, ఇచ్చాక ఆ ముక్కలను 1గా మార్చాలి. ఆ మార్పు కూడా పైన చెప్పిన ఒకే ఆజ్ఞలోనే జరగాలి. ఒక రైలు బెర్త్‌లకూ మరో రైలు బెర్త్‌లకూ సంబంధం లేదు కాబట్టి రైలు, తేదీల వారీగా డేటాను వేర్వేరు యంత్రాలకు పంచవచ్చు. సంక్రాంతి ముందు ఒకే రైలు మీద అందరూ పడితే ఆ పంపకం ఏమాత్రం ఆదుకోదు. అక్కడ వరుసలో నిలబెట్టే క్యూ తప్ప గత్యంతరం లేదు. ఇంటర్వ్యూ చేసేవారు వెతికేది ఇలాంటి వాక్యాన్నే, అంటే తాను ప్రతిపాదించిన పరిష్కారం ఎక్కడ చేతులెత్తేస్తుందో తానే చెప్పే వాక్యాన్ని.

మేనేజరుతో జరిగే సంభాషణను చాలామంది లాంఛనంగా భావిస్తారు. అమెజాన్ లాంటి చోట అది లాంఛనం కాదు. ఆ సంస్థ ప్రకటించుకున్న నాయకత్వ సూత్రాలు 2021 నుంచి 16. ఇంటర్వ్యూ బృందంలోని సభ్యులు వాటిని తమలో తాము పంచుకుని, ఒక్కో సూత్రానికి అభ్యర్థి జీవితంలోంచి ఉదాహరణ అడుగుతారు. పరిస్థితి, బాధ్యత, చేసిన పని, ఫలితం అన్న వరుసలో చెప్పమని అన్ని పాఠాలూ నేర్పుతాయి. వరుస మంచిదే. అయితే మన దగ్గర జవాబులు ‘మేము చేశాం’ అన్న బహువచనంలో సాగుతాయి, ఎందుకంటే సొంత పనిని సొంతమని చెప్పుకోవడం గొప్పలకు పోవడమని పెంపకంలోనే వచ్చిన సంకోచం. అందులో మీరు స్వయంగా ఏం చేశారని అడిగినప్పుడు ఆ సంకోచం జవాబును మింగేస్తుంది. జట్టు చేసింది ఒక వాక్యంలో, తాను చేసింది నాలుగు వాక్యాల్లో చెప్పుకునే సాధన ముందే చేసుకుంటే మర్యాదా చెడదు, సమాచారమూ పోదు.

ఇంత తయారీ తర్వాత కూడా తిరస్కరణ రావచ్చు. దాన్ని తీర్పుగా తీసుకోకపోవడానికి గట్టి కారణాలున్నాయి. మ్యాక్ కంప్యూటర్ల మీద సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికి ఎందరో ఇంజనీర్లు వాడే హోమ్‌బ్రూ సాధనాన్ని సృష్టించిన మాక్స్ హోవెల్, బైనరీ ట్రీలో (ఒక్కో అంశం కింద రెండేసి శాఖలదాకా ఉండే అమరికలో) ఎడమ, కుడి శాఖలను తారుమారు చేసే ప్రశ్న దగ్గర గూగుల్ తనను తిరస్కరించిందని 2015లో ప్రకటించి పెద్ద చర్చకు తెరలేపారు. అంతకు రెండేళ్ల ముందే గూగుల్ మానవ వనరుల విభాగాధిపతి లాస్లో బాక్, విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి లాంటి తిక్క ప్రశ్నలు దేన్నీ కొలవవనీ, అవి పూర్తిగా వృథా అనీ ఒప్పుకున్నారు. ఎంపిక పద్ధతుల మీద దశాబ్దాల పరిశోధనలను 2022లో తిరిగి లెక్కగట్టిన మనస్తత్వ పరిశోధకుడు శాకెట్ బృందం, అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే కొలమానం ఉండే ఇంటర్వ్యూలు అన్నిటికంటే ముందున్నాయని తేల్చింది. ఆ ముందున్న పద్ధతికీ ఉద్యోగంలోని పనితీరుకూ సహసంబంధం 0.42 మాత్రమే (పూర్తిగా పొంతన ఉంటే అది 1). అంటే పనితీరులో కనిపించే తేడాల్లో అయిదో వంతు కూడా ఇంటర్వ్యూకు అందదు. కొలమానమే ఇంత మోటైనప్పుడు ఒక్క సంస్థ మీద ఆశలన్నీ పెట్టుకోవడం తెలివైన పని కాదు. చేరాలని బలంగా ఉన్న సంస్థను మొదటి ఇంటర్వ్యూగా పెట్టుకోవడం అంతకంటే కాదు. ప్రతి ఇంటర్వ్యూ ముగిసిన గంటలోపు, తడబడిన రెండో ప్రశ్నను మాటలతో సహా రాసిపెట్టుకుంటే, నాలుగైదు ఇంటర్వ్యూలకే ఏ మలుపు దగ్గర మళ్లీ మళ్లీ జారుతున్నదీ బయటపడుతుంది.

కృత్రిమ మేధ వచ్చాక మొదటి ప్రశ్నకు విలువ ఇంకా పడిపోయింది. తెర పక్కన జవాబు చూపించే సాధనాలు దొరుకుతున్నందున, కనీసం ఒక రౌండైనా ఎదురెదురుగా కూర్చోబెట్టి చేస్తామని గూగుల్ అధినేత సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు. మరికొన్ని చోట్ల దీనికి వ్యతిరేక దిశలో, ఆ సాధనాన్ని వాడుకోనిచ్చి, అది రాసిన కోడ్‌లో లోపం ఎక్కడుందో చూపమంటున్నారు. రెండు పద్ధతుల్లోనూ ఖాళీ తెర మీద వేగంగా రాయడం కంటే, ఇతరులు రాసింది చదివి ప్రశ్నించడమే ఎక్కువ అక్కరకొస్తుంది. కళాశాలల్లో ఎవరూ నేర్పని పని ఇది, సాధన సామగ్రి మాత్రం ఉచితంగా దొరుకుతుంది. ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఇప్పటికే పరిష్కారమైన బగ్ నివేదిక ఒకటి తీసుకుని, దిద్దుబాటును తెరవకుండా పాత కోడ్‌లో తప్పు ఎక్కడుందో వెతికి, తన దిద్దుబాటు రాసుకుని, ఆ తర్వాత అసలు దిద్దుబాటు మీద నిర్వాహకులు రాసిన వ్యాఖ్యలతో పోల్చుకుంటే, రెండో ప్రశ్నలు ఎలా పుడతాయో అక్కడే ప్రత్యక్షంగా కనిపిస్తుంది.